తేదీ ఖాళీ ఉంచు అక్కా

నా కంప్యూటర్లో మొఘల్‌పురాలో సగం మంది తలకాయలు ఉన్నాయి. మెడ దాకా కత్తిరించి, వెనకున్న గోడా తలుపూ తీసేసి, కింద పేరు రాసి దాచిపెట్టినవి. ఉస్మాన్‌గంజ్‌లో మిరప బస్తాల దుకాణాల వెనక నాదో ఫ్లెక్సీ డిజైన్ షాపు. రోజంతా తుమ్ముకుంటూ జనాల మొహాలు తెల్లగా చేయడం నా పని. పదకొండేళ్లుగా అదే చేస్తున్నాను. మనుషులంటే నీకింత చులకన ఎందుకని మా వదిన యశోద అడుగుతుంటుంది. తన మొహం ఎంత పెద్దగా ఉండాలో మనిషి చెప్పేటప్పుడు ఒక్కరోజు నా పక్కన కూర్చో, నీకే తెలుస్తుంది అంటాను.

నందు మొదటిసారి మా షాపుకు వచ్చింది తన పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం. మా బస్తీలోని రక్తపరీక్షల ల్యాబ్‌లో ముందు టేబుల్ దగ్గర కూర్చుని రిపోర్టులు ఇచ్చే ఉద్యోగం అతనిది. ముప్పై ఏళ్లుంటాయి. తెల్ల చొక్కా, చెవి దగ్గర ఫోను, రెండో చెయ్యి ఎటో దూరంగా చూపిస్తూ ఒక ఫోటో తీయించుకొచ్చాడు. అటు ఏముందని అడిగాను. ఏమీ లేదట, పెద్ద మనుషులందరూ అలాగే దిగుతారట. కింద ‘శుభాకాంక్షలతో, నందన్న యువసేన’ అని రాయమన్నాడు. సేనలో ఎంతమంది అంటే, ప్రస్తుతానికి తనూ బబ్లూ అన్నాడు. బబ్లూ ఆ ఫోటో తీసినవాడు. అంటే తన పుట్టినరోజుకు తానే శుభాకాంక్షలు చెప్పుకునే సేన అన్నమాట. అడుగున గుండ్రాల్లో ఇరవై మొహాలు కూడా కావాలన్నాడు, నా దగ్గరున్నవాటిలో కాస్త బరువైనవి చూసి వెయ్యమన్నాడు. వాళ్లకు చెప్పావా అంటే, చూసుకున్నంక వాళ్లే ఖుష్ అయితరక్కా అన్నాడు. సిగ్గులేని మాట అనుకున్నాను. కానీ ఆ ఇరవై మందిలో ఒక్కడూ అడగలేదు, పైగా ముగ్గురు వచ్చి తమ గుండ్రం చిన్నదైందని నా మీద అలిగారు. వీళ్లకు అలాంటి నాయకుడే కావాలి.

ఈ ఏడాది ఉగాది దాటాక ఆ ల్యాబ్ కంపెనీవాళ్లు మా బస్తీలో పెద్ద సెంటర్ పెడతామన్నారు. దానికి ఒక ఇన్‌ఛార్జి కావాలి. ఉన్నవాళ్లలోంచే తీసుకుంటామన్నారు. ఉన్నది ఇద్దరే, నందు, మా వదిన.

మా వదిన ఆ ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా రక్తం తీస్తుంది. తెల్లవారకముందే సంచీ తగిలించుకుని ఇంటింటికీ పోతుంది. రెండంతస్తులు, మూడంతస్తులు, లిఫ్టు లేని మెట్లు. ఎంత ఎండిపోయిన ముసలి చెయ్యి అయినా ఒక్క పోటుకే నరం దొరుకుతుంది ఆమెకు. తీసిన రక్తం తెచ్చి ల్యాబ్‌లో ఇవ్వడంతో ఆమె పని అయిపోతుంది. రిపోర్టులు వచ్చేది నందు టేబుల్ మీది కంప్యూటర్‌కు. పోయిన చలికాలం నుంచి వదిన కుడి బొటనవేలు సరిగ్గా వంగడం లేదు. ఉదయం పూట వేలు చిన్నగా వణుకుతుంది. ఈ సంగతి ఇంట్లో నాకొక్కదానికే చెప్పింది. సూది పట్టుకునే చెయ్యి వణుకుతోందని కంపెనీకి తెలిసిన రోజున ఆమెను ఇంటికి పంపేస్తారు. ఆ ఇన్‌ఛార్జి కుర్చీ దొరికితే సూది పట్టే పని ఉండదు. లేకపోతే ఇంకో ఏడాదికి ఉద్యోగమే ఉండదు. మా అన్న ఆటో సంపాదన సంగతి అందరికీ తెలిసిందే, నాకు పెళ్లయింది, అయిపోయింది, ఆ ఊసు ఇక్కడ అనవసరం. మా ఇల్లు నిలబడింది వదిన మీద.

ఏరియా మేనేజర్ స్రవంతి మేడమ్ మాదాపూర్ నుంచి వచ్చి, బస్తీలో ఎవరికి మంచిపేరుందో చూసి తీసుకుంటాం అని చెప్పి పోయింది. మంచిపేరు ఎలా చూస్తుందయ్యా అంటే, మా వీధి కిరాణా కొట్టు దగ్గర కారు ఆపి, యశోద గారు తెలుసా అని అడిగిందట. కొట్టాయన తెలియదన్నాడట. ఆ పొద్దునే అతని చేతిలోంచి రక్తం తీసుకుపోయింది మా వదిన. పద్నాలుగేళ్లలో ఆమె పేరేమిటని అడగాలని ఆ మనిషికి తోచలేదు. బస్తీ మొత్తానికీ ఆమె ‘సూదక్క’. నందు తెలుసా అని అడిగితే మాత్రం కొట్టాయన బయటికొచ్చి, మలుపు మీదున్న ఫ్లెక్సీ చూపించాడట.

ఈలోగా నందు చదువు మొదలుపెట్టాడు. మలక్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో ఆనందరావు అనే పెద్దమనిషి రెండు ఆదివారాలు క్లాసు చెప్పాడు. ఆయన ఎక్కడో చిన్న ఉద్యోగంలో చేరి, అదే ఉద్యోగంలో రిటైరై, ఇప్పుడు అందరికీ పైకి రావడం ఎలాగో నేర్పుతున్నాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు. డబ్బు లేనివాడి దగ్గర కూడా పెట్టుబడి ఉంటుందని ఆయన చెప్పాడట. తెలిసిన మనుషులు ఒకటి, మంచిపేరు ఒకటి, అందరికంటే ముందు తెలిసిన సంగతి ఒకటి. ఇవి పెంచుకుంటే ఉద్యోగం దానంతటదే పెరుగుతుందట. నందు నా షాపులో స్టూలు మీద కూర్చుని ఇదంతా అప్పజెప్పాడు. సంతోషంలో పక్కనున్నవాణ్ని మనిషి మరచిపోతాడు, కష్టంలో పక్కనున్నవాణ్ని చచ్చేదాకా మరచిపోడు, అది ఆయన చెప్పిన వాటిలో ముఖ్యమైనదట. మా నాయనమ్మ కూడా ఆ మాటే అనేది. కాకపోతే ఆమె దాన్ని ప్రమోషన్ కోసం అనలేదు.

ఆ క్లాసు తర్వాతే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు మొదలయ్యాయి.

మొదటిది ఆండాలమ్మది. గుడిలో నలభై ఏళ్లు ప్రసాదం వండిన ముసలామె. నందు వాట్సాప్‌లో ఫోటో పంపి, పూలదండ, దీపం, కింద తన ఫోటో పెట్టమన్నాడు. ‘తేదీ ఖాళీ ఉంచు అక్కా’ అని రాశాడు. ఎందుకని ఫోన్ చేస్తే, ఆమె మంచాన పడిందని, ఇంక లాభం లేదని అంటున్నారని చెప్పాడు. నాలుగు రోజులకు ఆండాలమ్మ పోయింది, తేదీ ప్రింటు వేసే చోట అతనే రాయించుకున్నాడు. కొడుకులు ఏడవడం మొదలుపెట్టక ముందే గల్లీ మొదట్లో నందు ఫ్లెక్సీ లేచింది. రెండోది మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాలు చూసుకుని రిటైరైన ఒక తాతది. అప్పుడూ తేదీ ఖాళీయే. శవం మీద పేలాలు ఏరుకునే రకం అని వింటాం కదా, అవి రాలకముందే సంచీ పట్టుకుని నిలబడే రకాన్ని నేను అప్పుడే చూశాను.

ఇతనికి ముందే ఎలా తెలుస్తోందని నేను ఆలోచించకపోలేదు. రిపోర్టులు అతని కంప్యూటర్‌కే వస్తాయి కదా. ఆ మాట నా తలలోకి వచ్చింది, వచ్చిన దారినే పోనిచ్చాను. వదినకు చెబితే ఊరుకోదు, ల్యాబ్‌లో పెద్ద లొల్లి అవుతుంది. నాకు లొల్లి వద్దు. నాకు కావలసింది తమాషా. ఆ నక్క వినయాలు చూస్తూ లోపల్లోపల నవ్వుకోవడంలో నాకొక రుచి దొరికింది, నిజం చెప్పాలంటే.

మూడోది గుండయ్య బాపుది.

గుండయ్య పహిల్వాన్ పేరు మా వైపు తెలియనివాళ్లు లేరు. తాలీంలో నలభై ఏళ్లు పిల్లలకు కుస్తీ నేర్పాడు. అప్పటికీ ఆయన చేతికింద నలభై మంది ఉన్నారు. మా వదినను యశోదా అని పేరుపెట్టి పిలిచేది బస్తీలో ఆయనొక్కడే. సూది గుచ్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేవాడట, పహిల్వానై ఉండి. ఆ సంగతి చెప్పి వదిన నవ్వేది. జూన్ మొదట్లో ఒక మంగళవారం మధ్యాహ్నం నందు ఆయన ఫోటో కావాలన్నాడు. నా దగ్గరే ఉంది. శ్రద్ధాంజలి, పెద్ద సైజు, కింద గుండ్రాల్లో తాలీం పిల్లలు నలభై మంది, తేదీ ఖాళీ. చేసి పంపాను.

మర్నాడు బుధవారం పొద్దున షాపుకు పోతుంటే గుండయ్య బాపు తాలీం అరుగు మీద ఛాయ్ తాగుతూ కనిపించాడు. కొంచెం పాలిపోయినట్టున్నాడు, అంతే. మంచిదేనా బిడ్డా అని పలకరించాడు. నాకు నవ్వు ఆగలేదు. ఈసారి చావు వాసన పట్టే నందు ముక్కు తప్పింది, ఆ ఫ్లెక్సీ మడిచి ఎక్కడ పెట్టుకుంటాడో అనుకుంటూ ఉస్మాన్‌గంజ్ దాకా నవ్వుకున్నాను. సాయంత్రం ఇంట్లో వదినతో కూడా అన్నాను, గుండయ్య బాపును చూశాను, గట్టిగానే ఉన్నాడని. ఎందుకంటున్నానో చెప్పలేదు.

గురువారం ఆయన తాలీంలోనే కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. శవం ఇంటికి రాకముందే ఫ్లెక్సీ వచ్చింది. దాన్ని చూసి పెద్దకొడుకు నందు మెడ పట్టుకుని ఏడ్చాడు, సొంతవాళ్లకంటే ముందు నువ్వొచ్చినవ్ తమ్మీ అని. నందు కూడా ఏడ్చాడు. బబ్లూ ఫోటో తీశాడు. పదిరోజులు తిరక్కముందే బోనాల కమిటీవాళ్లు నందును జాయింట్ సెక్రటరీని చేశారు. బస్తీలో కష్టమొస్తే ముందు నిలబడేది నందే అన్న మాట పాలప్యాకెట్‌తో పాటు ఇంటింటికీ చేరింది. స్రవంతి మేడమ్ దాకా కూడా చేరింది. ఇంక ఆ కుర్చీ నందుదే అని వదిన ఒకరోజు అన్నం కలుపుతూ అంది. బొటనవేలు ముద్దను సరిగ్గా పట్టడం లేదు. నేను చూడనట్టు తల దించుకున్నాను.

ఆ నెలాఖరులో ఒక శనివారం. మధ్యాహ్నం షాపులో ఎవరో నాయకుడి మేనల్లుడి గడ్డం సరిచేస్తున్నాను. నందు నుంచి మెసేజ్ వచ్చింది. అక్కా, పెంటయ్య బాపు ఫోటో మంచిది ఒకటి పంపు, బోనాలకు బస్తీల పెద్దమనుషులకు సన్మానం పెడుతున్నం అని.

పెంటయ్య మా నాన్న. డెబ్బై రెండేళ్లు. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఇంకా రెండు బర్రెలను పెట్టుకుని, వాటితోనే ఎక్కువ మాట్లాడతాడు. ఆయనకు సన్మానం చేద్దామని బస్తీకి ఇన్నాళ్లకు బుద్ధి పుట్టిందా అనుకుంటూ, పోయినసారి దున్నల్ని ఊరేగించే సదర్ పండక్కి దున్న పక్కన నిలబడి నవ్వుతున్న ఫోటో పంపాను. వెంటనే ఇంకో మెసేజ్ వచ్చింది. ‘ఇది కాదక్కా. నవ్వనిది పంపు.’

పదకొండేళ్లుగా ఫ్లెక్సీలు చేస్తున్నదాన్ని. సన్మానానికి ఎవరూ నవ్వని ఫోటో అడగరు.

మా బాపు మూడు రోజులుగా కాళ్లు లాగేస్తున్నాయని పడుకునే ఉంటున్నాడు. శుక్రవారం పొద్దున వదినే రక్తం తీసి ల్యాబ్‌లో ఇచ్చింది. రిపోర్టు అదే సాయంత్రం రావాలి. అడిగితే సిస్టమ్ పనిచేయడం లేదు, రేపు చూద్దాం అన్నాడట నందు. ఇదంతా నాకు ఒక్కసారే గుర్తొచ్చింది. షట్టర్ దించానో లేదో తెలియదు. అఫ్జల్‌గంజ్ నుంచి ఆటో కదలకపోతే దిగి నయాపుల్ మీద నడిచాను, మళ్లీ ఇంకో ఆటో పట్టుకున్నాను. దారంతా నందును తిట్టాను. నాకు తెలిసిన ప్రతి బూతూ తిట్టాను, ఆటో అతను అద్దంలో నన్ను చూస్తూనే ఉన్నాడు.

నేను వెళ్లేసరికి నందు టేబుల్ దగ్గరే ఉన్నాడు. కూర్చో అక్కా, నీళ్లు తాగు అని కుర్చీ జరిపాడు. బాపు రిపోర్టు ఏదని అడిగాను. ఒక్క క్షణం నా మొహం చూసి, సొరుగులోంచి కాగితం తీశాడు. నాకు ఆ లెక్కలు తెలియవు. పొటాషియం అన్న చోట ఏడు అని ఎర్రగా ఉంది, పక్కన రెండు నక్షత్రాలున్నాయి.

“ఇది ఎప్పుడొచ్చింది?”

“నిన్న మాపటికి. రేపు పొద్దుగాల్ల నేనే ఇంటికొద్దామనుకున్న అక్కా. గిసొంటియి ఫోన్ల చెప్పొద్దు. పక్కన కూసొని, చెయ్యి పట్టుకొని చెప్పాలె.”

“మరి నిన్న ఎందుకు రాలే? మూడు గల్లీల దూరం లేదు మా ఇల్లు.”

“నిన్న కమిటీ మీటింగ్ ఉండె. ఇయ్యాల బబ్లూకు తీరలే.”

బబ్లూకు తీరలేదు. చెయ్యి పట్టుకుని చెప్పేటప్పుడు ఫోటో తీసేవాడు ఉండాలి కదా. ఎర్రగా వచ్చిన రిపోర్టు ఏదైనా సరే ఆ నిమిషమే ఇంటికి ఫోన్ చేయాలని అతని వెనక గోడ మీదే రాసి ఉంది, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. నా చెయ్యి లేచింది గానీ మధ్యలో టేబుల్ అడ్డం వచ్చింది. కాగితం లాక్కుని బయటికి పరిగెత్తాను. వెనక నుంచి అతని మాట వినిపించింది, ఎంతో ఆప్యాయంగా ఉంది.

“ఫికర్ చెయ్యకు అక్కా. ఏమన్నా అయితే కమిటీ మొత్తాన్ని తీస్కొస్త. బాపును మస్తు ఘనంగ సాగనంపుదాం.”

ఆ మాట అతను వెటకారంగా అనలేదు. అతనికి ఎవరూ చావాలని లేదు. చచ్చేవాడు తన పెట్టుబడి అని తప్ప, బతికించుకోగల మనిషి అని అతనికి తట్టలేదు.

వదిన ఆ కాగితం చూసి మా అన్నకు ఫోన్ చేసింది. బాపును మా అన్న ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పోయాం. ఇంజక్షన్లు ఇచ్చారు, రక్తం శుభ్రం చేసే మెషీన్ పెట్టారు. ఇంకో పూట ఆగితే గుండె ఆగిపోయేదని డాక్టర్ చెప్పాడు. నాలుగో రోజు బాపు కళ్లు తెరిచి సరిగ్గా మాట్లాడాడు, బర్రెలకు కుడితి పెట్టింది ఎవరని అడిగాడు. అప్పుడు ఏడ్చాను.

వదిన స్రవంతి మేడమ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. నందు అప్పటికే తన మాట చెప్పేశాడు, సిస్టమ్ పనిచేయలేదని. కావాలంటే ముప్పై మంది వచ్చి తన గురించి చెబుతారన్నాడట. ముప్పై మందికీ సిస్టమ్‌కూ ఏం సంబంధమో దేవుడికి తెలియాలి. మేడమ్ గురువారం వచ్చి ఇద్దరితో మాట్లాడి, ఆరోజే ఇన్‌ఛార్జి ఎవరో తేల్చేస్తానంది. నా మాటకు అతని మాట అడ్డం పడుతుంది, రుజువేముంది, నందుకే వస్తుంది చూడు అని వదిన అంది.

నా దగ్గర ఒకటి ఉంది, చూస్తూ ఉండు అన్నాను నేను.

నా ఫోన్లో నందు మెసేజ్‌లన్నీ ఉన్నాయి. ఏ ఫ్లెక్సీ ఏ రోజు అడిగాడో, ఏ రోజు నేను పంపానో, అన్నీ తేదీలతో సహా. ఆ తేదీలూ రిపోర్టులు వచ్చిన తేదీలూ పక్కపక్కన పెడితే చాలు, నందు నోరు పడిపోతుంది. గురువారం నేను మంచి చీర కట్టుకుని ల్యాబ్‌కు పోయాను. చాలా రోజుల తర్వాత నాకు హాయిగా అనిపించింది. ఇన్నాళ్లు లోపల నవ్వుకున్నదాన్ని, ఇప్పుడు పదిమందిలో నవ్వబోతున్నాననుకున్నాను.

స్రవంతి మేడమ్ నందు కుర్చీలో కూర్చుని కంప్యూటర్ తెరిచింది. నందు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వదిన ఇటు, నేను అటు. ఆమె ఒక్కొక్క పేరు కొట్టి రిపోర్టు వచ్చిన రోజు చదవాలి, నేను ఫోన్ చూసి ఫ్లెక్సీ రోజు చెప్పాలి. ఆండాలమ్మ రిపోర్టు ఎర్రగా వచ్చిన మర్నాడే ఫ్లెక్సీ. ఇంటికి ఫోన్ చేసినట్టు ఎక్కడా లేదు. రేసుకోర్సు తాతకూ అంతే. స్రవంతి మేడమ్ మొహంలో రంగు మారింది. నందు నేల చూస్తున్నాడు. నా గొంతు ఇంకా పెద్దదైంది.

తర్వాత ఆమె గుండయ్య అని కొట్టింది.

“సోమవారం సాయంత్రం. హిమోగ్లోబిన్ నాలుగు.”

“నాలుగా?” అంది వదిన. ఆ రిపోర్టు ఆమె ఎప్పుడూ చూడలేదు. రక్తం తీసి ఇవ్వడం వరకే ఆమె పని కదా. కంప్యూటర్ తెరను తన వైపు తిప్పుకుని చూసింది. “లోపల యాన్నో రక్తం పోతున్నట్టు. మంగళారం పొద్దుగాల్ల తీస్కపోయి నాలుగు సీసాల రక్తం ఎక్కిస్తే లేసి కూసుంటుండె మేడమ్. తాలీంల నలభై మంది పోరగాళ్లు ఉండిరి. రక్తం ఇయ్యనీకి ఒక్కడు గూడ కాదనకపోతుండె.”

ఆ నలభై మందినీ నేనే ఫ్లెక్సీ అడుగున గుండ్రాల్లో పెట్టాను.

స్రవంతి మేడమ్ నా వైపు తిరిగి, ఫ్లెక్సీ ఎప్పుడు అడిగాడంది. మంగళవారం మధ్యాహ్నం అన్నాను. వదిన నన్ను చూసింది. నందు వైపు చూడటం మానేసి నన్నే చూసింది.

“మంగళారమే నీకు ఎరుకనా?”

“రిపోర్టు సంగతి నాకేం తెల్సు వదినా. ఫోటో అడిగిండు, చేసిచ్చిన.”

“బుధారం బాపును తాలీం కాడ చూసిన అన్నవ్. గట్టిగున్నడు అన్నవ్.” వదిన గొంతు పెద్దది చేయలేదు. “నవ్వుకుంట చెప్పినవ్ అమలా.”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నందుకు గుండయ్య బాపు పోతాడని మాత్రమే తెలుసు, ఆ మధ్యలో ఆయన ఛాయ్ తాగుతూ కూర్చున్న సంగతి తెలియదు. నాకు రెండూ తెలుసు. అరుగు దగ్గర ఆగి, బాపూ, నీ రిపోర్టు వచ్చిందా, ఒకసారి అడుగు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అతని ముక్కు తప్పిందని సంతోషపడుతూ పోయాను. నందును చీదరించుకున్నంత సేపూ నేను అతనికంటే మేలైనదాన్నని అనుకున్నాను. చీదరించుకోవడం తప్ప నేను చేసింది ఏమీ లేదు.

ఇన్‌ఛార్జి ఉద్యోగం వదినకే వచ్చింది. నందును ఆరోజే తీసేశారు. నెల తిరక్కముందే మలక్‌పేటలో ప్లాట్లు అమ్మే ఆఫీసులో చేరాడు, ఇక్కడికంటే పెద్ద ఉద్యోగమట. కమిటీలో ఇప్పటికీ జాయింట్ సెక్రటరీయే. అసలు సంగతి తెలిసినవాళ్లు కూడా, ఏమైనా కష్టమొస్తే వస్తడు కదా అంటున్నారు. ఫ్లెక్సీలు వేరే షాపులో చేయించుకుంటున్నాడు. గుండయ్య బాపు కొడుక్కు వదిన తనే పోయి చెప్పింది. అతను ఏమన్నాడో నాకు చెప్పలేదు. అప్పటి నుంచి ఇంట్లో నాకు అన్నం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, మాట్లాడదు.

సెంటర్ తెరిచిన వారం బస్తీవాళ్లు నలుగురు నా షాపుకు వచ్చారు. సూదక్కకు అభినందనలు అని పెద్ద ఫ్లెక్సీ వెయ్యాలట, కింద గుండ్రాల్లో వాళ్ల మొహాలు ఉండాలట. కిరాణా కొట్టాయన కూడా వచ్చాడు. సూదక్క అసలు పేరేమిటని నన్ను అడిగాడు. చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం వదిన వచ్చింది. పదకొండేళ్లలో నా షాపు మెట్లెక్కడం అదే మొదలు. మిరప ఘాటుకు కొంగు అడ్డం పెట్టుకుని నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

“నా ఫోటో ఉన్నదా ఇండ్ల?” అని కంప్యూటర్ వైపు చూపించింది.

ఉందన్నాను. తీసెయ్యమంది. తీసేశాను. మొత్తం పోయిందా అని అడిగి, పోయిందని చూపించేదాకా కదల్లేదు. నాకు ఇంకేదో చేయాలనిపించింది, గుండయ్య బాపుది కూడా తీసేస్తానని ఆయన ఫ్లెక్సీ తెరిచాను.

“అది ఉంచు,” అంది వదిన. “రోజు ఒక్కపారి తెరిచి చూడు.”

లేచి పోయింది. తెర మీద గుండయ్య బాపు నవ్వకుండా చూస్తున్నాడు, కింద నలభై మంది పిల్లలున్నారు. మరణం అన్న మాట పక్కన నేను ఖాళీ ఉంచిన చోటు అలాగే ఉంది.